కాళ్ళ దగ్గరి కుక్క

లాక్‌డౌన్‌లో సూరత్ మగ్గాలన్నీ ఆగిపోయాయి. చీరలకు డిజైన్లు గీసే నాకు పని లేక, వందల ఏళ్ళ నాటి యూరప్ చిత్రాల మీద ఫోన్‌లో పాఠాలు వినడం మొదలుపెట్టాను. అసలే కోతి, ఆపై కల్లు తాగింది అన్నట్టు, వాగే జబ్బు నాకు ముందే ఉంది, ఇప్పుడు విషయం కూడా దొరికింది.

ఆ పాఠాల్లో నా మనసుకు బాగా పట్టింది కుక్క. దంపతుల బొమ్మలో కాళ్ళ దగ్గర చిన్న కుక్క ఉంటే అది విశ్వాసానికి గుర్తట. సమాధి మీద చెక్కిన రాతి ఇల్లాలి పాదాల దగ్గరా కుక్కేనట. సూరత్‌లో మేముండే డిండోలి పేటలో, మా గల్లీ కుక్కకు నా భార్య రొట్టె వేస్తుంటే, పక్కన నిలబడి ఇదంతా చెప్పేవాణ్ణి. రొట్టె మాత్రం ఒక్కనాడూ వేయలేదు.

"జర పక్కకు జరుగు, దాన్ని తిననియ్యి," అనేది ఆమె.

మరుసటేడు కరోనా నన్ను పట్టుకుంది. ఆస్పత్రిలో మంచం దొరకలేదు. ఇంట్లోనే మేడమీది గదిలో ఒంటరిగా పడి ఉన్నాను. చాప మీద పడుకుంటే తలుపు కింది సందులోంచి ఆ కుక్క కాళ్ళు, తోక కనిపించేవి. పగలంతా అది అక్కడే. ఊపిరి అందక, బతుకుతానో లేదోనని వణికిపోతూ కూడా, ఒక్కదానికి పొంగిపోయాను. నాకోసం సాక్షాత్తూ విశ్వాసమే కాపలా కాస్తోంది! నేనింత గొప్పవాణ్ణని అప్పటిదాకా నాకే తెలియదు.

జ్వరం తగ్గగానే గ్రాఫు కాగితం మీద చీర అంచు గీశాను. హంసలు ఉండాల్సిన చోట వరసగా కుక్కలు. గది బయటికి రాగానే నా భార్యకు చూపించాను.

"కుక్కల చీర ఎవరు కట్టుకుంటరయ్యా?"

"గిది విశ్వాసమే. నాకోసం తలుపుకాడనే కూసున్నది."

"నీకోసమా? నేను తలుపు పక్క మెట్ల మీద కూసుంటే నా కాళ్ళకాడ పండుకున్నది. రొట్టె ఏసేది నేనేనాయె."

"నువ్వెందుకు కూసున్నవ్ ఆడ?"

"నీ దగ్గు ఇనెతందుకు. దగ్గు ఆగితే నా పానం పోతుండె. మల్ల దగ్గినంకనే నేను ఊపిరి తీసుకుంటుంటి."

అన్ని పాఠాలు విన్నవాణ్ణి, కుక్క ఎవరి కాళ్ళ దగ్గరుందో చూడాలని నాకు తట్టలేదు. ఏడుపొచ్చింది, ఏడ్చాను. తర్వాత ముక్కు తుడుచుకుని, గ్రాఫు మీద కుక్క పక్కన రెండు పాదాలు గీశాను.

ఆమె కాగితం అందుకుని చూసింది.

"గివి నా కాళ్ళా? గింత లావున్నయా?"

కాగితం మాత్రం తిరిగివ్వలేదు.