ట్రైలరు విప్పించిన డాక్టరమ్మ

ఎనభైల్లో ఢిల్లీ చుట్టుపక్కల పల్లెలకు మా డీజిల్ జీపు వైద్యశిబిరం ట్రైలరును లాక్కెళ్ళేది. నేను నర్సుని. డీజిల్ కోటా ఎప్పుడూ చాలేది కాదు. అందుకే మా డాక్టరమ్మ దారి పొడుగునా డ్రైవరుతో "ధీరే భయ్యా, ధీరే" అని నెమ్మదిగా పొమ్మంటూనే ఉండేవారు. బరువు తగ్గించాలని తన మడతమంచం కూడా దింపేసి, అలసిపోతే నేలమీదే నడుం వాల్చేవారు.

ఒక మధ్యాహ్నం దారిలో నొప్పులు పడుతున్న ఒకామె కనిపించింది. బిడ్డ అడ్డం తిరిగింది. డాక్టరమ్మ ట్రైలరును జీపు నుంచి రోడ్డు పక్కన విప్పించారు. "దీన్ని లాగితే ఆసుపత్రి దాకా డీజిల్ రాదు. నువ్విక్కడే ఉండమ్మా" అని నాతో చెప్పి, ఆమెను జీపెక్కించుకుని వెళ్ళారు.

సాయంత్రం బస్సు దిగి ఒక్కరే నడిచొచ్చారు. "ఇద్దరూ బతికారు. జీపే డీజిల్ అయిపోయి ఆసుపత్రి గేటు దగ్గర ఆగిపోయింది" అంటూ ట్రైలరు మెట్టుమీద కూలబడ్డారు. అప్పటికే చుట్టూ పల్లెజనం చేరారు.

"వీళ్ళను రేపు రమ్మందామా మేడమ్?" అని అడిగాను.

"తెల్లారగానే ట్రైలరును లాక్కెళ్ళాలి. మళ్ళీ ఇక్కడికి రావడానికి మనకు డీజిల్ ఎవరిస్తారు?" అని, లేచి చేతులు కడుక్కుని, ముందున్న ముసలామెను లోపలికి పిలిచారు.