రేంజరు క్లారీ తన కాలరు తానే పట్టుకున్న వైనం

పశ్చిమ తీరం మొత్తమ్మీద తనను తాను అరెస్టు చేసుకున్న చేపల రేంజరు ఒక్కడే ఉన్నాడు. మా బార్నీస్ క్రాసింగ్ వాడే. పేరు క్లారీ మినిహాన్. నిండు సభలో కుడిచేత్తో తన కాలరు తానే పట్టుకుని, ఎడమచేత్తో బ్యాడ్జి తన ముఖానికే చూపించుకుని "పద" అన్నాడు. పారిపోబోయాడు కూడా, కానీ దొరికిపోయాడు.

సరే, పారిపోబోయాడన్నది నేను కలిపిందే. కాలరు కూడా అనుమానమే. ఆ రోజు వాన. మెడదాకా జిప్పు లాగిన కోటులో కాలరు ఎక్కడ దొరుకుతుంది? మిగతాదంతా జరిగిందే. కాన్వెంటు సిస్టర్ల దగ్గర చదువుకున్నవాణ్ణి, ఒక కథలో రెండు అబద్ధాలకు మించి ఆడను.

క్లారీ బతుకంతా రోడ్ల శాఖలో మట్టిరోడ్లు చదును చేసే గ్రేడరు బండి నడిపాడు. చేపలు పట్టడమంటే అతనికి ప్రాణం. చేపలకు మాత్రం అతనంటే ప్రాణభయం లేదు. గాలం ముందుకు విసిరితే వెనక చెట్టుకు తగులుకునేది. ఒకసారి తన టోపీనే పట్టాడు, ఇంకోసారి పక్కవాడి చెవిని. "నేను ఒడ్డున నిలబడితే ట్రౌట్ చేపలు పిల్లల్ని తీసుకొచ్చి చూపిస్తాయి. వీడేరా, వీడి దగ్గర ఆడుకోండి, భయం లేదు అని" అని తనే చెప్పి తనే నవ్వేవాడు.

రేంజరు పని దక్కిన తీరూ అలాంటిదే. పట్నం నుంచి చేపల ఆఫీసు వాళ్ళు వచ్చి, జీతం లేకుండా ఏటికి కాపలా కాసేవాళ్ళెవరైనా ఉన్నారా అని మా ఊరి హాల్లో అడిగారు. చేపలు పట్టడం వచ్చినవాడెవడూ కదల్లేదు. ఆదివారం పూట తాను చేపలు పట్టుకోక ఇతరుల సంచులు వెతికే ఓపిక ఎవడికుంటుంది? అప్పుడే క్లారీ చెవి దగ్గర మూగిన ఈగను కొట్టబోయి చెయ్యి పైకెత్తాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

చెయ్యి ఎత్తింది ఈగ కోసమే అయినా, బ్యాడ్జి చేతికొచ్చాక మాత్రం దాన్ని వదల్లేదు. అరవై ఏళ్ళు దాటిన బతుకులో అతని పేరు చెక్కిన వస్తువు అదొక్కటే. గ్రేడరు మీద కూడా శాఖ పేరే ఉండేది. చొక్కా వేసుకుంటే ముందు బ్యాడ్జి, తర్వాత బొత్తాలు. లైసెన్సు అడగడం, చేప పొడవు కొలిచి చిన్నదైతే నీళ్ళలోకి వదిలించడం, ఈకల ఎర మాత్రమే వాడాల్సిన మడుగులో ఎవడైనా వానపామును వేలాడదీశాడేమో చూడడం, ఇవన్నీ శ్రద్ధగా చేసేవాడు. అన్నిటికంటే అతనికి నచ్చిన రూలు ఒకటుంది. మా దేశంలో ట్రౌట్‌ని అమ్మకూడదు, కొనకూడదు, దేనికీ మారకం వెయ్యకూడదు. పెంపకపు సాల్మన్ ఐసు మీద పడుకుని కొట్లో దొరుకుతుంది. ట్రౌట్ అలా కాదు. నువ్వే పట్టి తినాలి, లేదా పట్టినవాళ్ళు ప్రేమతో ఇస్తే తినాలి. "డబ్బుకు లొంగని చేప" అని క్లారీ గొప్పగా చెప్పేవాడు. తన గాలానికీ లొంగదన్న సంగతి చెప్పేవాడు కాదు. అది ఊరికి తెలిసిందే.

మరి క్లారీ ట్రౌట్ ఎలా తినేవాడంటే, పక్కింటి మోయా కోక్లీ దయవల్ల. మోయాకి ఎనభై దగ్గరపడుతున్నా మోకాళ్ళలోతు నీళ్ళలో నిలబడి గాలం విసిరితే చేప సిగ్గుపడి వచ్చేది. పెరట్లో పాత ఫ్రిజ్జుకి పొగగొట్టం బిగించి, మానుకా కట్టె పొగలో చేపను పండించేది. శుక్రవారం వచ్చిందంటే తువ్వాలు కప్పిన పళ్ళెం మినిహాన్ల గుమ్మంలో ఉండేది. క్లారీ భార్య నోలీన్ ఆ పళ్ళెం కడిగి, కోళ్ళు పెట్టిన గుడ్లో, రూబర్బ్ కేకో పెట్టి కంచె మీదుగా తిరిగిచ్చేది. పరాయివాళ్ళ పళ్ళెం ఖాళీగా తిప్పి పంపడం మా వైపు లేదు. సిస్టర్లు ఎన్నో కంఠస్థం చేయించారు గానీ ఇది మాత్రం ఎవరూ నేర్పనక్కర్లేకపోయింది.

ఇలా సాగిపోతుండగా ఒక శనివారం సాయంత్రం క్లారీ పబ్‌లో అడుగుపెట్టాడు. ఎవడో తడి సంచిలోంచి ట్రౌట్ తీసి బల్ల మీద పెట్టాడు. పబ్ యజమాని లెస్టర్ టాన్సీ దాన్ని వంటింట్లోకి పంపి, జగ్గు నిండా బీరు పట్టి ముందుకు తోశాడు. క్లారీ బ్యాడ్జి సర్దుకున్నాడు.

"లెస్టర్, అది ట్రౌట్."

"పిల్లి అని ఎవరైనా అన్నారా?"

"ట్రౌట్ ఇచ్చి బీరు పుచ్చుకోవడం నేరం."

"ఇచ్చిపుచ్చుకోవడం ఎక్కడుంది రేంజరు గారూ? వాడు ప్రేమతో నాకు చేప ఇచ్చాడు. నాకూ వాడంటే ప్రేమ పొంగింది. చూడండి, నురగ కూడా వచ్చింది."

బల్ల చుట్టూ నవ్వులు. క్లారీ గొంతు పెంచాడు. "ఒకటిస్తే ఒకటి వస్తే దాన్ని బేరమంటారు. పట్నానికి రాస్తాను."

లెస్టర్ తాపీగా బల్ల తుడిచాడు. "రాయండి. మోయా ఇంటి నుంచి మీ ఇంటికి ట్రౌట్ వస్తుంది. మీ ఇంటి నుంచి ఆవిడకి గుడ్లు వెళ్తాయి. దాన్నేమంటారు? పెళ్ళిచూపులా?"

గుమ్మడికాయ దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు క్లారీ మీసం తడుముకున్నాడు. నిన్నటి పొగవాసన ఇంకా అందులోనే ఉంది.

"రాసేటప్పుడు రెండు పేర్లూ రాయండి," అన్నాడు లెస్టర్. "మీరు నాకంటే సీనియరు. మీది పైన రాయండి."

క్లారీ ఏమీ రాయలేదు. కంచే చేను మేసిందని ఊరు అనకముందే తానే అనుకున్నాడు. పైగా మామూలుగా మెయ్యలేదు, పొగబెట్టించుకుని, నిమ్మకాయ పిండుకుని మేసింది. తన ఇల్లు సరిదిద్దుకోకుండా లెస్టర్ జోలికెళ్తే ఆ బ్యాడ్జి సీసా మూతతో సమానం. ఇంటికెళ్ళి నోలీన్‌తో మొదలుపెట్టాడు.

"ఇకమీద మోయా పళ్ళెం ఖాళీగా పంపిద్దాం."

పిండి పిసుకుతున్న నోలీన్ చేతులు ఆగిపోయాయి. "ఏంటీ?"

"ఖాళీగా. రూలు ప్రకారం."

"మా అమ్మమ్మ ఇల్లు వరదలో కొట్టుకుపోయింది. అప్పుడు కూడా పక్కింటి పళ్ళెంలో నాలుగు బంగాళాదుంపలేసి పంపింది. నేను ఖాళీగా ఏదైనా పంపాలంటే నీ తలకాయే పంపాలి."

ఇక్కడ లాభం లేదని క్లారీ కంచె దాటాడు. మోయా ఫ్రిజ్జు తలుపు సందులోంచి చేపల్ని చూసుకుంటోంది.

"మోయా, మీరు మాకు చేప ఇవ్వడం మానాలి."

"ఏం, ఉప్పెక్కువైందా?"

"ఉప్పు సరిగ్గానే ఉంది. మీరు చేపిస్తున్నారు, మేం గుడ్లిస్తున్నాం. చట్టం లెక్కన ఇది వ్యాపారం."

మోయా మెల్లిగా ఇటు తిరిగింది. "ఒరేయ్ క్లారీ, నీకు చేప ఎందుకిస్తున్నానో తెలుసా? నీ అంతట నువ్వు ఒక్కటీ పట్టలేవు గనక. దాన్ని జాలి అంటారు. జాలిని పట్టుకుని వ్యాపారమంటావా?"

"నేననడం లేదు. లెస్టర్..."

"ఇన్నేళ్ళలో నన్నెవరూ ఇంత మాట అనలేదు. జరుగు, పొగ పోతోంది."

ఆవిడ చేపలు మానేస్తుందని క్లారీ ఆశపడ్డాడు. సగం ఆశపడ్డాడు, సగం భయపడ్డాడు. మోయా మానలేదు. శుక్రవారం రాగానే పళ్ళెం గుమ్మంలో ఉంది, కాకపోతే తువ్వాలు లేదు. ఇక ఆ పళ్ళెం నింపి పంపితే క్లారీ దృష్టిలో నేరం, ఖాళీగా పంపితే నోలీన్ దృష్టిలో పాపం. అందుకని అది వంటింట్లోనే ఉండిపోయింది. తర్వాతి శుక్రవారానికి దానిమీద ఇంకొకటి చేరింది. చేప సంగతా? మొదటిసారి ముట్టనని భీష్మించుకుని వాసన మాత్రం చూశాడు. వాసన చూడకూడదని రూలేం లేదు. ఆ తర్వాత ఒక్క ముక్క. దానికి రూలుందని తెలిసే తిన్నాడు.

పళ్ళేలు పెరిగాయి. కంచె దగ్గర మాటలు ఆగిపోయాయి. మోయా బట్టలారేసుకుంటూ ఇటు చూసేది కాదు. నోలీన్ గుడ్లు గిన్నెలోనే మిగిలిపోయేవి.

"ముప్పై ఏళ్ళుగా ఆవిడతో మాట్లాడకుండా నాకు పొద్దు గడవలేదు," అంది నోలీన్ ఒక ఉదయం. "నీ బిళ్ళ కోసం ఇప్పుడు గోడతో మాట్లాడుకుంటున్నా. నీకు ఆవిడ కావాలో అది కావాలో తేల్చుకో."

క్లారీ తేల్చుకున్నాడు. చేపల సీజను ముగింపు రాత్రి హాల్లో భోజనాలుంటాయి, పట్నం నుంచి చేపల అధికారి రేవా వస్తుంది. బ్యాడ్జి ఆమె చేతిలో పెట్టేద్దామనుకున్నాడు. ఆ మధ్యాహ్నం దాన్ని రుద్ది రుద్ది మెరిపించాడు. ఇచ్చేసే వస్తువుకి ఆ మెరుగెందుకని అడిగేవాళ్ళు లేరు గనక సరిపోయింది.

హాలు భోజనాలకు తలా ఒక పళ్ళెం తేవడం మా ఆనవాయితీ. ఆ రోజు వాన కుండపోత. అందరూ పళ్ళేలు బల్ల మీద పెడుతుంటే మోయా వచ్చింది. ఆవిడ చేతిలో కారు చక్రం మూత. శుభ్రంగా తోమి, కాగితం పరిచి, దానిమీద పొగబెట్టిన ట్రౌట్ పెట్టింది.

"పళ్ళెం లేదా మోయా?" అంది రేవా, ఊరి సంగతి తెలియక.

"రేంజరు గారి కస్టడీలో ఉన్నాయి. అన్నీ."

నోలీన్ తల దించుకుంది. క్లారీ లేచి నిలబడ్డాడు. రెండు వాక్యాలు సిద్ధం చేసుకొచ్చాడు, రెండూ మర్చిపోయాడు.

"రేవా, నేనొక నేరం చెప్పాలి. నేరస్థుడు హాల్లోనే ఉన్నాడు."

లెస్టర్ తలుపువైపు చూశాడు.

"వాడు కాదు, నేను. గుడ్లకు ట్రౌట్ మారకం వేసుకుని ఏళ్ళ తరబడి తిన్నాను. ఒక్క చేపా పట్టడం చేతకాలేదు, చివరికి పట్టింది నన్నే. కొలిచి చూస్తే నీళ్ళలోకి తిరిగి వదిలెయ్యాల్సిన సైజే." బ్యాడ్జి తీసి, ఎడమచేత్తో తన ముఖానికే చూపించుకుని, "పద" అని తనకే చెప్పుకుని, చక్రం మూత పక్కన పెట్టాడు. చెయ్యి ఎందుకో మెడ దగ్గరికే పోయింది.

రేవా నవ్వలేదు. కుర్చీ లాక్కుని నోలీన్‌ని అడిగింది. "చేపకి ఎన్ని గుడ్లు?"

"కోళ్ళు ఎన్ని పెడితే అన్ని."

"పెట్టకపోతే?"

"కేకు. అదీ లేకపోతే ఇంకేదో. పళ్ళెంలో ఏదో ఒకటి ఉండాలి గదా."

రేవా మోయావైపు తిరిగింది. "ఏమీ రాకపోతే మీరు చేప ఆపేవారా?"

"నోలీన్ చెయ్యి విరిగినప్పుడు ఏమీ రాలేదు," అంది మోయా. "అప్పుడు రెండు పంపాను. వంట చేసుకోలేదు గదా. క్లారీ వంట తింటే రెండో చెయ్యి కూడా పోయేది."

"మరి మీ పబ్‌లో?" రేవా అడగడం లెస్టర్‌ని. అడిగిన తీరు మామూలుగా, వాన గురించి అడిగినట్టే ఉంది.

లెస్టర్ కాలరెగరేశాడు. "మా దగ్గర మోసం లేదమ్మా. చేపకో జగ్గు. పెద్దదైతే జగ్గున్నర. ఎవరొచ్చినా ఒకటే రేటు."

ఆ మాట నోట్లోంచి బయటికొచ్చాక దాన్ని లోపలికి లాక్కోవడానికి నోరు రెండుసార్లు తెరిచి మూశాడు, ఒడ్డున పడ్డ చేపలా.

"నాకు తెలిసినంతలో రేటుంటే బేరం," అంది రేవా లేస్తూ. "రేటు లేనిదాన్ని నేను ఇరుగుపొరుగు అంటాను. టాన్సీ గారూ, రేపు మీ పబ్‌కి వస్తాను. క్లారీ, ఈ బిళ్ళ తియ్యి, చేప చల్లారిపోతోంది. ఆవిడ పళ్ళేలు ఆవిడకిచ్చెయ్."

నోలీన్ ఆ రాత్రే మోయా పక్కన కూర్చుంది. ఇద్దరూ ఏం మాట్లాడుకున్నారో ఎవరికీ వినబడలేదు గానీ మధ్యమధ్య క్లారీవైపు చూసి నవ్వడం అందరికీ కనబడింది. తెల్లారి పళ్ళేల దొంతర కంచె దాటింది. ఒక్కటీ ఖాళీ లేదు. గుడ్లు చాలక నోలీన్ వీధంతా అడిగి తెచ్చింది, అడుగు పళ్ళెంలో క్లారీ స్వయంగా కాల్చిన బిస్కెట్లు పెట్టింది. వాటిని మోయా కంచె మీదుగా నోలీన్ కోళ్ళకే వేసిందట, కోళ్ళు ఆలోచించుకుంటామన్నాయట.

ఈ సంగతి ఎవరైనా ఎత్తితే క్లారీ కోటు బొత్తాలు పెట్టుకుంటూ ఒకటే చెబుతాడు.

"అంతా అబద్ధం. నేను నన్నెప్పుడూ పట్టుకోలేదు. ఆ రాత్రి నేను హాలుకే వెళ్ళలేదు, జలుబు చేసి ఇంట్లో పడుకున్నా. మోయాకి కారే లేదు, చక్రం మూత ఎక్కణ్ణుంచొస్తుంది? అయినా నేను ట్రౌట్ తినను."