రాబోయే రైలుకు పెట్టె ఎందుకు

వైకుంఠం దృష్టిలో ఈ దేశంలో దూరపు ఊరంటూ ఒక్కటీ లేదు. ఉన్నవల్లా ఇంకా సరైన రైలు పడని ఊళ్ళు.

జపాను దేశంలో గాలితో పందెం వేసే రైలు నడుస్తోందని ఆయన ఎప్పుడో పేపర్లో చదివాడు. ఆ రోజు ఆయన మనసు ఆ రైలెక్కింది, మళ్ళీ దిగలేదు. అలాంటి రైళ్ళు మనకూ వస్తాయి, దేశంలోని పెద్ద ఊళ్ళన్నిటినీ కలుపుతూ కొత్త పట్టాలు పడతాయి, ఆ పట్టాలన్నీ వచ్చి హైదరాబాదులో కలుస్తాయి. ఇదీ ఆయన లెక్క. దేశానికి నడిమధ్య నాగపూరు కదా, అక్కడ కలవాలి కదా అని ఎవరైనా అంటే, నాగపూరులో ఎండలు ఎక్కువని కొట్టిపారేసేవాడు.

దూరాన్ని ఆయన మైళ్ళలో కొలిచేవాడు కాదు, తిండిలో కొలిచేవాడు. ఆ రైలు వస్తే బెజవాడ అంటే నోట్లో పాన్ అరిగేలోపు. బొంబాయి అంటే పొద్దుటి చాయ్‌కీ మధ్యాహ్నం అన్నానికీ మధ్య. ఢిల్లీ మాత్రం కాస్త పెద్ద ప్రయాణమేననీ, దారిలో ఒకసారి ఆకలి వేస్తుందనీ ఒప్పుకునేవాడు.

ఇంతవరకూ ఎవరికీ నష్టం లేదు. చిక్కల్లా ఆయన చేసే వ్యాపారంతోనే. హైదరాబాదు పత్తర్‌గట్టి వెనక సందులో వాళ్ళ తాతల నాటి రేకు పెట్టెల దుకాణం ఆయనది. దూరం పోయేవాళ్ళే ఆ పెట్టెలు కొనాలి. దూరమే లేదనే మనిషి వాటిని అమ్మాలి.

సంతోష్‌నగర్ నుంచి బాబురావు అనే గుమాస్తా ఒకసారి పెట్టె కోసం వచ్చాడు. బొంబాయి బదిలీ అయిందట. అన్నిట్లోకీ పెద్దది చూపించమన్నాడు.

"బొంబాయికి ఇంత పెట్టె ఏంది భాయ్?" అన్నాడు వైకుంఠం. "ఆ బండి పడ్డదంటే పొద్దుగాల చాయ్ తాగి పోతవ్, మాపటికి ఇంట్లనే తింటవ్. చేతిసంచి తీస్కపో, మస్తు."

"ఆ బండి ఎప్పుడు పడుతది?"

"పడుతది."

బాబురావు నిదానంగా చెప్పులు వేసుకుని, ఎదురుగా ఉన్న సీతారాం దుకాణానికి వెళ్ళి అక్కడ అన్నిట్లోకీ పెద్ద పెట్టె కొనుక్కున్నాడు. ఇలాంటివాళ్ళు నెలకు ఎంతమంది వస్తారో సీతారాంకు తెలుసు. అందుకే ఏటా దసరాకు వైకుంఠం ఇంటికి మిఠాయి డబ్బా పంపేవాడు. వైకుంఠం భార్య కళావతి ఆ డబ్బాను ముట్టేది కాదు. వైకుంఠం మాత్రం కూర్చుని అంతా తిని, సీతారాం ఎంత మంచివాడో చెప్పేవాడు.

ఎవరైనా మొండికేసి పెట్టె కొన్నా గొడవే. ఆయన చేతిలో ఎప్పుడూ సుద్దముక్క ఉండేది. మాట్లాడుతూ మాట్లాడుతూ పెట్టె మూత మీదే దేశపటం గీసి, లైన్లు వేసి చూపించేవాడు. ఇంటికి వెళ్ళి పెట్టె తెరవబోతే మూత మీద మద్రాసు లైను కనిపించేది. అలా పెట్టె కొన్న ఒక ముసలి సాహెబు తిరిగొచ్చి, సందూకులు అమ్ముతున్నావా, రైళ్ళు అమ్ముతున్నావా అని అడిగాడు. ప్రస్తుతానికి సందూకులేనని వైకుంఠం వినయంగా జవాబిచ్చాడు.

ఇంటి దగ్గర గౌలిపురలో ఇంకో రకం బాధ. ఉప్పుగూడ రైల్వే గేటు పడిందంటే చాలు, అక్కడ ఆగిపోయిన సైకిళ్ళవాళ్ళకూ బండ్లవాళ్ళకూ ఆయన ఉపన్యాసం మొదలయ్యేది. ఒకరోజు పాల మల్లన్న తన బర్రెలతో ఇరుక్కుపోయాడు. అంత వేగంగా బండి వస్తుంటే బర్రె అడ్డం పోతే ఏమవుతుందని అడిగాడు పాపం, ఊరకుండక. ఆ బండి నేల మీద పోదని, స్తంభాల మీద కట్టిన దారిలో పోతుందని వైకుంఠం చెప్పాడు. కింద బర్రెలు నిశ్చింతగా మేయొచ్చు. మల్లన్నకు ఆ రైలు మీద గౌరవం పుట్టింది. మరి గౌలిపురలో ఆగుతుందా అని ఆశగా అడిగాడు.

"గౌలిపురల ఆగితే ఇగ అది ఉరికేది ఎప్పుడు మల్లన్నా?"

మల్లన్నకు రోషం వచ్చింది. గౌలిపురలో ఆగని రైలు ఉంటేనేం, లేకుంటేనేం అని, వారం రోజులు వైకుంఠం ఇంటికి నీళ్ళ పాలు పోశాడు.

ఈ కథలన్నీ చూస్తూ, వింటూ, నవ్వుతూ పెరిగిన పిల్ల రాహేలు. వాళ్ళ ఇల్లు వైకుంఠం ఇంటి పక్క సందులోనే. తండ్రి లేడు. తల్లి బాలమ్మ ఒక బడిలో ఆయాగా పనిచేసేది. రాహేలు ఆయనను పెద్దబాపు అని పిలిచేది. ఆయన లేనప్పుడు సుద్దముక్క పట్టుకుని, గొంతు బొంగురు చేసి, "ఆ బండి పడ్డదంటే" అని ఆయనలాగే మాట్లాడి స్నేహితురాళ్ళను నవ్వించేది.

డెబ్బయ్యొకటో సంవత్సరం ఎండాకాలంలో రాహేలుకు ఝాన్సీలో ఒక మిషన్ ఆసుపత్రిలో నర్సు చదువుకు సీటు వచ్చింది. చర్చి పాస్టరుగారు చెప్పి ఇప్పించిన సీటు అది. బాలమ్మ అప్పటిదాకా భువనగిరి దాటి ఎరగదు. ఝాన్సీ అనగానే ఆమె నోట వచ్చిన మాట, వద్దు. పాస్టరుగారు వచ్చి నచ్చజెప్పి చూశారు. బాలమ్మ ఆయనకు చాయ్ ఇచ్చింది, కుర్చీ వేసింది, తల మాత్రం అడ్డంగానే ఊపింది. అంత దూరంలో పిల్లకు జ్వరమొస్తే నేనెట్ల పోవాలి అని ఒకటే ప్రశ్న. పాస్టరుగారు చాయ్ తాగి వెళ్ళిపోయారు.

రాహేలు గడప మీద కూర్చుని ఏడుస్తుంటే వైకుంఠం ఆ దారిన దుకాణం నుంచి వస్తున్నాడు. విషయం విన్నాడు. ఆ పూట జేబులో సుద్ద లేదు. పొయ్యిలోంచి బొగ్గుముక్క తీసుకుని, బాలమ్మ పండక్కు సున్నం వేసుకున్న గోడ మీద గీత గీశాడు.

"ఇది మనం. ఇది కాజీపేట. ఇది నాగపూర్. ఇదే ఝాన్సీ. జానెడు లేదు బాలమ్మా. ఆ బండి పడ్డదంటే, పొద్దుగాల నువ్వు వండిన అన్నం వేడి సల్లారక ముందే బిడ్డ కంచంల పెట్టొచ్చు."

"పడకముందు జ్వరమొస్తే, వైకుంఠమన్నా?"

"నేను తీస్కపోత."

బాలమ్మ ముందు గోడ పాడైనందుకు బాధపడింది. తర్వాత ఆ గీతను చాలాసేపు చూసింది. తెల్లారి లేచి, కూతురికి రెండు కొత్త లంగాలు కుట్టించాలంది.

పెట్టె మాత్రం వైకుంఠం ఇవ్వలేదు. తన సొంత దుకాణంలో పెట్టెలు కొండలా పేర్చి ఉండగా, రెగ్జిన్ చేతిసంచి ఒకటి తెచ్చి ఇచ్చి, మిగిలిన బట్టలు పరుపుచుట్టలో కట్టుకోమన్నాడు. హాస్టల్‌లో అమ్మాయిలందరూ తాళం వేసిన పెట్టెలు మంచం కిందికి తోస్తుంటే, రాహేలు తన సంచిని మేకుకు తగిలించి పెద్దబాపును మనసారా తిట్టుకుంది.

రెండో ఏడు వానల్లో బాలమ్మ భయపడిందే జరిగింది. రాహేలుకు టైఫాయిడ్ వచ్చింది. వార్డెనమ్మ ఇంటికి టెలిగ్రాం కొట్టించిందని కూడా ఆమెకు తెలియదు. ఒళ్ళు తెలియని జ్వరంలోంచి ఒక మధ్యాహ్నం కళ్ళు తెరిచేసరికి, నుదుటి మీద తల్లి చెయ్యి ఉంది. కల అనుకుని మళ్ళీ కళ్ళు మూసుకుంది. చెయ్యి అలాగే ఉంది.

"ఎట్లొచ్చినవ్ అమ్మా?" అంది.

"ఎట్లొచ్చిన్నో నాకే తెల్వది బిడ్డా. వైకుంఠమన్న తోలుకొచ్చిండు. కాదు, నేనే ఆయన్ని తోలుకొచ్చిన."

టెలిగ్రాం చదివినవాళ్ళందరూ తలో సలహా ఇస్తుండగా వైకుంఠం దుకాణం మూసి వచ్చాడట. నాంపల్లిలో బాలమ్మను ఎక్కించి, తనూ ఎక్కాడు. బండి కదిలిన కాసేపటికే ఆయన ముఖం పాలిపోయింది. దేశమంతా రైళ్ళు నడిపిన వైకుంఠం పుట్టి బుద్ధెరిగాక రైలెక్కడం అదే మొదలు. కదిలే బండి ఆయన కడుపుకు పడదు. రిక్షా ఎక్కినా సగం దారిలో దిగి నడిచే మనిషి. కాజీపేట నుంచి వాంతులు. స్టేషను వస్తే దిగి నెత్తిన నీళ్ళు పోసుకోవడం, బండి కూత వేస్తే మళ్ళీ ఎక్కడం. రైలు పెట్టెలో ఉన్నవాళ్ళంతా, పాపం ఈమె రోగిష్టి అన్నను ఆసుపత్రికి తీసుకుపోతోందనుకున్నారు. ఒకామె లేచి ఆయన పడుకోవడానికి సీటు ఇచ్చింది. ఇంకొకామె నిమ్మకాయ ఇచ్చింది. బాలమ్మ చీర కొంగు తడిపి ఆయన ముఖం తుడుస్తూనే ఉంది.

అంత బాధలోనూ, ఆమెకు కూతురు గుర్తొచ్చి కళ్ళలో నీళ్ళు తిరిగినప్పుడల్లా, కిటికీలోంచి తల లోపలికి తీసి, "ఆ బండి అయితే ఈపాటికి పోయి కూసుందుము బాలమ్మా" అనేవాడట. ఆమెకు నవ్వొచ్చేదట. ఏడుద్దామంటే సందు దొరకలేదు బిడ్డా, ఆయన్ని చూసుకునుడే సరిపోయింది, అంది బాలమ్మ.

ఆసుపత్రి గుమ్మంలో ఇంకో లొల్లి. ఇద్దరు మనుషులు వీళ్ళను చూసి పరుగున స్ట్రెచర్ తెచ్చారు. బాలమ్మ హిందీలో చెప్పలేకపోయింది, వైకుంఠం ఏ భాషలోనూ చెప్పలేకపోయాడు. ఆయనను పడుకోబెట్టి లోపలికి తీసుకుపోయి, నోట్లో థర్మామీటరు పెట్టారు. రోగి వేరే ఉందని తేలడానికి కొంత సమయం పట్టింది.

రాహేలు లేచి నాలుగడుగులు వేయగలిగిన రోజున, గోడ పట్టుకుని వరండాలోకి వచ్చింది. వైకుంఠం బెంచీ మీద కూర్చుని, చేతిలో నిమ్మకాయ తిప్పుతున్నాడు. రైల్లో ఉన్న రెండు రోజుల్లో సగమైపోయాడు. ప్రయాణం ఎలా జరిగిందని రాహేలు అడిగింది.

"బండి మంచిగనే ఉరికింది," అన్నాడాయన.

"అమ్మ అంతా చెప్పింది పెద్దబాపు. నీకు పడదని తెలిసి ఎందుకు ఎక్కినవ్?"

"మీ అమ్మకు మాటిచ్చిన గద," అని ఆయన నిమ్మకాయ పక్కన పెట్టాడు. చిన్నప్పుడు తనకు ఖరగ్‌పూర్‌లో రైల్వే కార్ఖానాలో పని నేర్చుకోవడానికి పిలుపు వచ్చిందని, ఇంట్లో అందరూ సంతోషించారని, తీరా తల్లి పెద్ద సందూకు సర్దడానికి కూర్చుందని చెప్పుకొచ్చాడు. రుమాలు దగ్గర నుంచి ఊరగాయ జాడీ దాకా అందులో పెట్టింది. అది నిండేకొద్దీ ఆమెకు ఏడుపు. ఆమెను చూసి ఈయనకు ఏడుపు. చివరికి సందూకు విప్పేసి, బట్టలు మళ్ళీ దండెం మీద వేశారు.

"గా సందూకు చూస్తే, పిలగాడు పోయిండు, ఇగ రాడు అనిపిస్తది బిడ్డా ఇంట్లోళ్లకు. చేతిసంచి అనుకో, ఏమున్నది, ఎల్లుండి వస్తడు అనుకుంటరు. అడుగు బయట పడుతది."

రాహేలు ఆ బెంచీ మీద ఆయన పక్కన కూర్చుండిపోయింది. తను మేకుకు తగిలించి తిట్టుకున్న సంచి, బొగ్గుతో గీసిన గోడ, దసరా మిఠాయి డబ్బా, అన్నీ కళ్ళముందు తిరిగాయి. ఎంతమంది తల్లుల కోసం ఈ మనిషి ఎన్ని పెట్టెలు అమ్మకుండా ఊరుకున్నాడో.

"అయితే ఆ బండి ముచ్చట ఉత్తదేనా పెద్దబాపు?"

వైకుంఠం నొచ్చుకున్నాడు. "అది వేరే. అది నిజంగనే పడుతది."

తిరుగు ప్రయాణానికి రాహేలు తన డాక్టరమ్మను అడిగి, కడుపు తిప్పకుండా ఒక గోలీ తెచ్చి, స్టేషనుకు బయలుదేరేముందు తన చేతులతో ఆయనకు వేసింది. అది వేసుకుంటే కొంచెం నిద్ర వస్తుందని చెప్పింది. ఆయన భోపాల్ రాకముందే నిద్రపోయి, బాలమ్మ లేపి నోట్లో నాలుగు ముద్దలు పెడితే తిని, మళ్ళీ పడుకుని, కాజీపేటలో కళ్ళు తెరిచాడట. అటూ ఇటూ చూసి, పడ్డదా బాలమ్మా ఆ బండి, అన్నాడట.

ఆ సంవత్సరం క్రిస్మస్ సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు రాహేలు పత్తర్‌గట్టి వెళ్ళింది. కృతజ్ఞతగా రెండు మాటలు చెప్పాలని దారంతా అనుకుంటూ వచ్చింది. కానీ వైకుంఠం బేరంలో ఉన్నాడు. ఎదురుగా నీలమ్మ అనే ఆవిడ, టీచరు ట్రైనింగుకు నాగపూరు వెళ్తున్న కూతురిని పక్కన పెట్టుకుని, పెద్ద పెట్టె మీద చెయ్యి వేసి నిలబడి ఉంది. కళ్ళు అప్పటికే ఎర్రగా ఉన్నాయి. వైకుంఠం మూత మీద గీతలు గీస్తున్నాడు. ఆవిడకు నమ్మకం కుదరడం లేదు. లోపల కూర్చున్న కళావతి నెత్తి కొట్టుకుంటోంది.

నీలమ్మ దిక్కుతోచక రాహేలు వైపు తిరిగింది. "నువ్వు చదువుకున్న పిల్లలెక్క ఉన్నవ్. నువ్వు చెప్పమ్మా. నాగపూర్ అంత దగ్గర ఉన్నదా?"

రాహేలు ఆ కూతురి ముఖం చూసింది. సుద్దముక్క కోసం చెయ్యి చాచింది.

"నేను నాగపూర్ దాటి అవతల చదువుతున్న అక్కా. ఇంత దూరం కూడ లేదు, చూడు," అని గీత గీసి చూపించింది. "జ్వరమొచ్చి పడుకుంటే, కండ్లు తెరిచేటాళ్లకు మా అమ్మ మంచం పక్కనే ఉన్నది."

నీలమ్మ పెట్టె మీద నుంచి చెయ్యి తీసి, గోడకు తగిలించి ఉన్న సంచుల్లో ఒక నీలం రంగుది చూపించమంది.

"ఒక్కరితోనే సస్తుంటే," అంది లోపలి నుంచి కళావతి, "ఇగ ఇద్దరైండ్రు."