ఎరుపు పక్కన తెలుపు

డోరిన్ హెప్‌వర్త్ ఉద్యోగమంతా ఇంగ్లండులోని హాలిఫాక్స్ కొండదారుల్లో బస్సు నడపడంతోనే గడిచింది. రిటైరయ్యాక చేతులు ఊరుకోలేదు. మా క్లబ్బులో చేరి, కర్రను గిర్రున తిప్పే లేత్ మీద కర్ర కలాలు చేయడం నేర్చుకుంది. ఏటా వసంతంలో చర్చి హాల్లో, అందరి కళ్లముందే కలం చేసే పోటీ. గెలిచిన కలం ఒక్కటే అద్దాల పెట్టెలో జిల్లా సంతకు వెళుతుంది. డోరిన్ కలం ఇంతవరకూ వెళ్లలేదు.

ఈసారి ఆఫ్రికా పడాక్ కర్ర తెచ్చింది. కుంకుమలా ఎర్రన. నడుమ తెల్లని హాలీ కర్ర పట్టీ అతికించింది.

"రెండూ కలిపి నునుపు చేస్తావా? ధైర్యమే!" అన్నాడు పక్క లేత్ మీది సిరిల్. అద్దాల పెట్టె తన సొంతమన్నట్టే ఉంటాడు.

"మంచులో బస్సు దించినదాన్నయ్యా. నీ పని చూసుకో."

ఉలి పని చకచకా సాగింది. గరుకు కాగితం ఆనించగానే ఎర్రపొడి లేచి తెల్ల పట్టీలోకి దిగిపోయింది. తెలుపు కాస్తా గులాబీ అయింది.

"అబ్బో, లిప్‌స్టిక్ వేసింది!" సిరిల్ మాటకు హాలంతా ఘొల్లుమంది.

డోరిన్ చెయ్యి అలవాటుగా స్పిరిట్ గుడ్డ మీదికి పోయింది. తుడిస్తే పొడి పోదు, కరిగి ఇంకా పాకుతుంది! ఆ చెయ్యి సగంలో ఆగింది. మళ్లీ ఉలి అందుకుంది. కర్ర కింద ఉన్నది రీఫిల్ పట్టే ఇత్తడి గొట్టమే; వెంట్రుకవాసి ఎక్కువ దిగితే కలం పోయినట్టే.

"వద్దు డోరిన్, చిట్లుతుంది!" అని వెనకనుంచి ఎవరో అరిచారు.

పట్టీనీ, దాని పక్కనున్న ఎరుపునూ కలిపి దారమంత పలచగా చెక్కింది. తెలుపు బయటపడింది! ఈసారి కాగితం కంటే ముందు, ఆరితే అద్దంలా గట్టిపడే పలచటి జిగురు పట్టీకి తాగించింది. పొడి దూరే సందు లేకుండా పోయింది. లేత్ ఆపి, కర్ర పొడుగునా రుద్దుతూ, రుద్దిన ప్రతిసారీ పొడి ఊదేసింది.

"ఊదు డోరిన్, ఊదు!" నవ్వినవాళ్లే కేకలు పెట్టారు. ఊది ఊది డోరిన్ బుగ్గలు ఎర్రబడ్డాయి. ఒకదాని తర్వాత ఒకటి ఇంకా సన్నని గరుకు కాగితాలు మార్చింది. పైన మళ్లీ జిగురు పూతలు, చివర మెరుగు. లోపల దీపం పెట్టినట్టు కర్ర వెలిగింది. ఆ క్షణానే గడువు ముగిసిన గంట మోగింది.

మా దగ్గర తీర్పు చెప్పేవాళ్లు కళ్లు మూసుకుని కలం మీద గోరు నడుపుతారు. అతుకు ఎగుడుదిగుడైతే గోరు తగులుకుంటుంది. ఈసారి తీర్పు చెప్పే ఈనిడ్ ఆ చివరి నుంచి ఈ చివరికి నడిపింది. మళ్లీ నడిపింది. కలాన్ని సిరిల్ చేతిలో పెట్టింది.

"నువ్వూ చూడు."

సిరిల్ కళ్లు మూసుకున్నాడు. గోరు జారిపోయింది. వెనక్కి వచ్చింది. మళ్లీ జారిపోయింది.

"ఇంతకీ తెలుపు ఎక్కడుంది?" అన్నాడు, కళ్లు తెరవకుండానే.

ఈనిడ్ అప్పటికే అద్దాల పెట్టె తలుపు తీస్తోంది.