గల్ఫుకి పెట్టిన చావు కబురు

మా ఉద్దానంలో పెళ్ళికి పిలవకపోతే ఓ ఏడాది అలుగుతారు. చావు కబురు పెట్టకపోతే మాత్రం గడప తొక్కరు. మనతో కూడి ఏడ్చిన మనిషికి ఆ మాట పరాయి నోట తెలియకూడదని మా అమ్మ నూరిపోసింది. ఆ చాదస్తమంతా అక్కనైన నాకు కాక మా చెల్లికే వచ్చింది, మా ఖర్మ.

చెల్లీ, మా మరిదీ గల్ఫులో ఒకే హోటల్లో పనిచేసేవారు. ఎన్నేళ్ళయినా పిల్లల్లేరు. చివరికి అక్కడి ఆసుపత్రిలో పిండాలు తయారుచేయించారు. ఒకసారి కడుపులో పెడితే నిలవలేదు. మిగిలినవి అక్కడే దాచి ఉంచారు. ఈలోగా మా వైపు ఇంటింటినీ తినేస్తున్న కిడ్నీ జబ్బు మరిదినీ పట్టుకుంది. ఇద్దరూ సెలవు పెట్టి బారువ దగ్గర సొంతూరు వచ్చేశారు. కావలసిన సంతకాలన్నీ అతను ముందే పెట్టేశాడు.

"నా కోసం ఆగొద్దు. నువ్వెల్లి పెట్టించుకోనొచ్చీ" అన్నాడు.

చెల్లికి టిక్కెట్టు తీసిన వారంలోనే పోయాడు.

మూడోనాడు చెల్లి మూల కూర్చుని ఫోన్లో ఏదో రాస్తోంది. ఎవరికే అన్నాను.

"ఆ ఆస్పత్రి నర్సమ్మకి. అప్పుడు నిలవనప్పుడు నన్నట్టుకోని ఏడిసింది అప్పా. ఆవిడికి కబురెట్టొద్దేటి?"

ఆ కబురు నర్సు నుంచి పెద్ద డాక్టర్లకి చేరి, జవాబు ఆసుపత్రి నుంచి వచ్చింది. భర్త లేకపోతే పిండాలు పెట్టడానికి ఆ దేశం చట్టం ఒప్పుకోదట. టెక్కలిలో వకీలుని అడిగాం. మన దేశంలో వితంతువుకి ఈ వైద్యం చేస్తారు గానీ, బయటి నుంచి పిండాలు తేనివ్వరమ్మా అన్నాడు. మండిపోనూ ఈ చట్టాలు! అవి ఉన్నచోట పెట్టరు, పెట్టేచోటికి రానివ్వరు.

ఆ కోపమంతా దాని మీదే చూపించాను. "నోరు మూసుకోనెల్లుంటే నీ ఒల్లో బిడ్డుండీది గదే!"

"నిజమే అప్పా. కానీ మనిసి పోతే పోనేదని ఎలాగంటాను?" అంది. నాకు ఏడుపు ఆగలేదు.

నిన్న నర్సు ఫోన్ చేసింది. పిండాలని తీసి పారేశారట. ఈ మాట ఎవరో చెబితే తెలియకూడదని తనే చేశానంది. చెల్లి ఆవిడకి దండాలు చెప్పి ఫోన్ పెట్టేసింది. నా వైపు తిరిగింది.

"మరి ఈ కబురు ఎవులికెట్టాలప్పా?"