వాగుదని తేల్చిన మా పొలం

మొన్న కోరుట్లలో మా ఇంటి ముందు రోడ్డు వెడల్పు కోసం గీతలు గీస్తుంటే, ఆ తడి సున్నం వాసనకు సిరిసిల్ల దగ్గర మానేరు ఒడ్డున మా పొలం గుర్తొచ్చింది.

పుట్టిన నెలకే పోయిన మా చెల్లెను ఆ పొలం గట్టునే పూడ్చారు. నా చిన్నప్పుడు సర్వేవాళ్లు వచ్చి, కోతకొచ్చిన వరి మధ్య సున్నం పోశారు.

"మా తాత కాలం నుంచి దున్నుకుంటున్నం సార్" అన్నాడు బాపు.

"రికార్డుల గిది వాగుది. మేమేం చేస్తం?" అన్నాడు సర్వేయరు.

వాగు కూడా మనిషిలాంటిదే, అడిగితే వింటుందనుకున్నాను. నీళ్ల దగ్గరికి పరుగెత్తి, "మా పొలం తీస్కోకు, ఆడ మా చెల్లె పండుకున్నది" అని బతిమాలాను. బాపు వచ్చి నన్ను ఎత్తుకున్నాడు.

"గది మన మాట వినది బిడ్డా" అన్నాడు మెల్లగా.

బాపు ఏళ్ల తరబడి ఆఫీసుల చుట్టూ తిరిగాడు. పొలం రాలేదు. పొక్లెయిన్ వచ్చి గట్టును కూడా చదును చేసింది.

ఆ తర్వాత బస్సు మానేరు వంతెన ఎక్కినప్పుడల్లా అమ్మ కళ్లు మూసుకునేది. నిద్ర పట్టిందేమో అనుకుని, నేను కదలకుండా కూర్చునేదాన్ని. నాకు బిడ్డ పుట్టాకే, అమ్మ ఒక్కసారి కూడా నిద్రపోలేదని అర్థమైంది.