జీపుకు పెట్టించిన ముక్కు

మా ఆయన జీపుకు పైపు పెట్టిస్తానన్న రోజు నుంచే నాకు అనుమానం. ఆ మాటకొస్తే నేను అనుమానించని వస్తువు మా ఇంట్లో లేదు. పాలు చిక్కగా ఉంటే ఏం కలిపారో అని వాసన చూస్తాను, బస్సు వేళకు వస్తే ఇది మన బస్సేనా అని డ్రైవర్ని అడుగుతాను. మా ఆయన దీన్ని రోగం అంటాడు. నేను జాగ్రత్త అంటాను.

ఆయన బోరు మోటార్లు బాగు చేస్తాడు. మంచాల మండలం చుట్టుపక్కల ఎవరి మోటారు కాలినా ఆయన పాత జీపు అక్కడ ఉండాల్సిందే. మా ఊరికీ ఇబ్రహీంపట్నానికీ మధ్య ఒక వాగుంది. దాని మీద వంతెన లేదు, నేలబారుగా వేసిన సిమెంటు దారి ఉంది. మామూలు రోజుల్లో మేకలు కూడా కాళ్ళు తడవకుండా దాటుతాయి. పైన చెరువు నిండి అలుగు పోసిందంటే మాత్రం దారి మాయమవుతుంది, బస్సు అవతలే ఆగిపోతుంది. పోయిన వానాకాలం ఆయన అలాంటి నీళ్ళలో జీపు దించాడు. పక్క సీట్లో మా అమ్మాయి. ఇంటర్ మొదటి సంవత్సరం అప్పుడు. నడుమకు వెళ్ళేసరికి ఇంజన్ నీళ్ళు తాగి ఆగిపోయింది. ట్రాక్టరు వచ్చి లాగేదాకా బిడ్డ సీటు మీద నిలబడి, పుస్తకాల సంచి నెత్తిన పెట్టుకుని ఏడ్చింది. ఆ రోజు నుంచి మబ్బు పడితే చాలు, దాన్ని ఆ బండి ఎక్కనివ్వలేదు నేను. నా నోరు మూయించడానికి ఆయన కనిపెట్టిన ఉపాయమే ఈ పైపు.

దాన్ని స్నార్కెల్ అంటారట. బానెట్ కింద గాలి పీల్చుకునే ఇంజన్‌కి, బండి కప్పు ఎత్తున ఇంకో మూతి పెట్టడం అన్నమాట. పట్నంలో మెకానిక్ షాపుకు ఆయన వెంట నేనూ వెళ్ళాను. రావద్దన్నాడు గనక తప్పకుండా వెళ్ళాను.

"మీ అక్క నీ పని చూస్తందుకు వచ్చింది భాయ్. జర పైలం," అన్నాడు మెకానిక్‌తో.

"రానీయన్నా. కూసో అక్కా, చాయ్ తెప్పిస్త," అన్నాడతను. నేను స్టూలు జరుపుకుని అతని చేతులు కనిపించే చోట కూర్చున్నాను.

బానెట్ పక్కనున్న రేకుకు పెద్ద రంధ్రం కోస్తుంటే నా పళ్ళు జివ్వుమన్నాయి. "మంచిగున్న బండికి గంత పొక్కేందన్నా?" అన్నాను.

"ముక్కు పెట్టాలంటే పొక్క వడాలె గదక్కా."

ముక్కు బాగానే పెట్టాడు. అద్దం పక్క నుంచి పైకి, నల్లగా, ఠీవిగా. నాకు ఆ ఠీవి మీదే అనుమానం. కొంగరకలాన్ వైపు ప్లాట్లు చూపిస్తూ తిరిగేవాళ్ళ బండ్లకు ఇలాంటివి ఎన్ని చూడలేదు. వాటిలో చాలావాటికి లోపల ఏమీ కలిపి ఉండదని, ఉత్త షోకని మా అమ్మాయి చెప్పింది. అదే అడిగాను. మెకానిక్ నొచ్చుకోలేదు. ఇంజన్ నడుస్తుండగా పైపు మూతిని అరచేత్తో మూసేస్తే గాలి అందక ఆగిపోవాలన్నాడు. ఆగకపోతే లోపల ఎక్కడో సందున్నట్టు. మా ఆయన స్టీరింగ్ ముందు కూర్చున్నాడు, అతను చెయ్యి అడ్డం పెట్టాడు, ఇంజన్ ఆగింది. మా ఆయన నవ్వాడు. ఆ నవ్వు నాకు నచ్చలేదు.

"నువ్వు దిగు. తాళంచెయ్యి తిప్పినవేమో నాకెట్ల తెలుస్తది?"

దిగాడు. బండిలో ఎవరూ లేకుండా ఇంజన్ నడుస్తుంటే నేనే పక్క మెట్టెక్కి మూతికి అరచెయ్యి అదిమాను. పైపు నా చేతిని లోపలికి గుంజింది. బండి రెండుసార్లు దగ్గి చచ్చింది. నాకు నిజంగానే సంతోషం వేసింది. దాచుకోలేదు, మెకానిక్‌కు మంచిగా పెట్టినవన్నా అని చెప్పాను కూడా.

ఆ సంతోషం ఇంటి దాకా కూడా మిగల్లేదు. "ఇగ వాగు ఎంతొచ్చినా ఫికర్ లేదు," అన్నాడు ఆయన దారిలో, పైపు వైపు చూసుకుంటూ. ఇంజన్ మళ్ళీ ఆగుతుందన్న భయమే పోయినేటి నుంచి ఆ మనిషిని ఒడ్డున ఆపింది. ఇప్పుడు అదీ పోయింది. అప్పటి నుంచి పైపును వదిలేసి ఆయన్నే అనుమానించడం మొదలుపెట్టాను.

ఈ వానాకాలం అలుగు పోసిన పొద్దునే అమ్మాయికి వాగవతల కాలేజీలో పరీక్ష. బస్సు రాదు, జీపే గతి, నేనూ ఎక్కుతానన్నాను. వాగు ముందరి మలుపు దగ్గరి నుంచే నీళ్ళు పరుచుకుని ఉన్నాయి. మా దగ్గర దారి మునిగితే కడీలను చూసి బండి నడుపుతారు. కడీలంటే కంచెకు పాతే రాతి స్తంభాలు. ఆ సిమెంటు దారికి రెండంచులా అవే పాతి ఉన్నాయి. వాటి తలలు కనపడితే నడుమ నుంచి పోవచ్చు, కనపడకపోతే వెనక్కి తిరగాలి. ఆ రోజు నీళ్ళ మీద వరుసగా తెల్లటి తలలు కనిపిస్తున్నాయి.

"కడీలు కనవడ్తున్నయ్, పోనీయన్నా," అన్నారు ఒడ్డున ఫోన్లు పట్టుకుని నిలబడ్డవాళ్ళు. ఆయన గేరు వేశాడు.

"ఒక్క వరుసనే ఉన్నదేంది?" అన్నాను.

"రెండోది మునిగినట్టుంది."

"ఒక దిక్కు మునిగి ఒక దిక్కు తేలుతదా? మన కడీలకు సున్నం ఎవడేసిండు?"

"అమ్మా, పరీక్షకు లేటైతుంది," అంది బిడ్డ.

నేను చెయ్యి చాపి తాళంచెయ్యి తిప్పి గుంజుకున్నాను. "నువ్వు ముందుగాల నడిచి పో. నువ్వు దాటితే బిడ్డ ఎక్కుతది. లేకుంటే ఈ పరీక్ష పోతే పోనీ."

అంతమంది ముందు ఆయన ముఖం నల్లబడింది. మోటార్లు పైకి లాగే మోకు జీపులోనే ఉంది. కోపంగా దాన్ని నడుముకు కట్టుకున్నాడు, రెండో కొస జీపు కొక్కేనికి కట్టి నేనూ అమ్మాయీ పట్టుకున్నాం. తెల్ల కడీలను కుడిచేతి వైపు ఉంచుకుని నడిచాడు. మోకాళ్ళు మునిగాయి. వెనక్కి తిరిగి, చూసినవా అన్నట్టు నన్ను చూశాడు. ఇంకో అడుగు వేశాడో లేదో, తల కూడా కనపడలేదు.

మోకు బిగుసుకుంది. బాపూ అని బిడ్డ అరిచింది. ఫోన్లు పట్టుకున్నవాళ్ళే ఫోన్లు జేబులో పెట్టి వచ్చి మాతో కలిసి గుంజారు. ఒడ్డుకొచ్చాక ఆయన చాలాసేపు దగ్గుతూ నేల మీదే కూర్చున్నాడు. నేను ఆయన నడుముకున్న మోకు విప్పాను.

నీళ్ళు తీశాక వెళ్ళి చూశాం. అవి వాగు ఒడ్డు దాకా వేసిన ప్లాట్ల చుట్టూ పాతి, సున్నం వేసిన కడీలు. రోజూ చూసేవే, కానీ నీళ్ళలో తలలు మాత్రమే తేలేసరికి అందరి కళ్ళకూ దారి కడీలయ్యాయి. మా దారి వాటికి కుడివైపు, దూరంగా ఉంది; దాని కడీలు ఆ రోజు పూర్తిగా మునిగిపోయాయి. ఆయన మునిగిన చోట మొరం మట్టి కోసం తవ్విన గుంత, జీపు నిలువునా పట్టేంత లోతు. బిడ్డ అంచున నిలబడి లోపలికి చూసి నా కొంగు పట్టుకుంది.

మెకానిక్ పనిలో ఏ మోసమూ లేదు. పైపు మంచిది. నీళ్ళు మా మెడల దాకా వచ్చినా ఇంజన్ ఆగేది కాదు, మమ్మల్ని ఇంకా ముందుకే తీసుకుపోయేది.